అన్నం బ్యాంకు: ఇచ్చిన గింజ ఎక్కడికి పోతుంది?



దానాలన్నిటిలోకీ అన్నదానం గొప్పదని మన పెద్దలు చెబుతూ వచ్చారు. అన్నం పెట్టిన చేతిని మరచిపోకూడదని కూడా చెప్పారు. అయితే ఇచ్చిన అన్నానికి లెక్క ఎలా రాయాలో, ఇచ్చిన బియ్యం ఆకలిగా ఉన్నవాడి కంచం దాకా ఎలా చేరాలో చెప్పినవారు తక్కువ. ఈ వార్షికోత్సవ సంచికలో ఆ విషయాన్ని ఒక పాఠంగా రాయాలని మేము అనుకున్నాం. అందుకు కారణం ముందు చెప్పాలి. అది మా తప్పు కాబట్టి దాచకుండా చెబుతున్నాం.

పోయిన ఏడాది వార్షికోత్సవానికి పూర్వ విద్యార్థులమంతా చందాలు వేసుకొని 25 కిలోల బస్తాలు 12, అంటే 300 కిలోల బియ్యం తెచ్చి హాస్టల్‌కు ఇచ్చాం. వేదిక మీద బస్తాలు పేర్చి ఫోటోలు దిగాం. చప్పట్లు కొట్టించుకొని ఎవరి ఊరికి వాళ్లం వెళ్లిపోయాం. అది ఫిబ్రవరి. పిల్లలకు ప్రభుత్వం ఇచ్చే బియ్యం ఎలాగూ వస్తున్నాయి కనుక మన బస్తాలు స్టోర్ రూములో ఒక మూల నేల మీదనే ఉండిపోయాయి. ఏప్రిల్‌లో హాస్టల్ మూసి తాళం వేశారు. జూన్‌లో తలుపు తీసేసరికి ఐదు బస్తాలు పురుగు పట్టి, గూళ్లు కట్టి, చేటలో పోసినా పనికి రాకుండా పోయాయి.

అంతటితో ఆగలేదు. అదే వేసవిలో పదో తరగతి పరీక్షలు రాసిన మన తమ్ముడు ఒకడు ఊళ్లో తనవారు ఎవరూ లేక, రోడ్డు పక్క హోటల్లో ప్లేట్లు కడిగి రెండు పూటలా తిన్నాడని మాకు జూన్‌లోనే తెలిసింది. ఆ హోటలుకూ మన హాస్టల్‌కూ మధ్య దూరం రెండు కిలోమీటర్లు కూడా లేదు. తాళం లోపల బియ్యానికి పురుగు పట్టింది. తాళం బయట మన పిల్లవాడు ఎంగిలి ప్లేట్లు కడిగాడు. మేము ఇచ్చింది దానమే, కాదనం. కానీ అది ఎవరికి చేరింది? పురుగులకు చేరింది.

ఈ మాట మమ్మల్ని చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. లోకంలో ఇలాంటి పని చేసేవాళ్లు ఎలా చేస్తున్నారో తెలుసుకుందామని చదివాం, అడిగాం. తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాం.

ఫుడ్ బ్యాంకు అంటే ఏమిటి?

ఫుడ్ బ్యాంకు అంటే అన్నం వండి వడ్డించే చోటు అనుకుంటారు చాలామంది. అది సత్రం పని. ఫుడ్ బ్యాంకు అంటే గిడ్డంగి అనుకోవచ్చు. ఎక్కడెక్కడ తిండి మిగులుతుందో, ఎవరెవరు ఇవ్వగలరో అక్కడి నుంచి తెచ్చి, చూసి, వేరుచేసి, తూచి, నిల్వచేసి, వండిపెట్టే వాళ్లకు, పంచేవాళ్లకు అందజేస్తుంది. బడులు, అనాథాశ్రమాలు, వృద్ధాశ్రమాలు, ప్రార్థనా మందిరాలు నడిపే సత్రాలు దాని దగ్గరకు వచ్చి తీసుకుపోతాయి. డబ్బు బ్యాంకులో దాచుకున్నవాడు ఒకడైతే అప్పు తీసుకునేవాడు మరొకడు. అలాగే ఇక్కడ ఇచ్చేవారు ఒకరు, తీసుకునేవారు మరొకరు. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూడనక్కరలేదు. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, దీనితో తర్వాత పని ఉంది.

మొదటి బ్యాంకు ఎలా పుట్టింది?

ఈ పేరుతో మొట్టమొదటి సంస్థ అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ నగరంలో 1967లో మొదలైంది. దానికి కారకుడు జాన్ వాన్ హెంగెల్. ఆయన వ్యాపారం మానేసి ఒక ఉచిత భోజనశాలలో సేవ చేస్తూ ఉండేవాడు. ఆ ఊరి ఇళ్ల పెరళ్లలో నారింజ, బత్తాయి జాతి చెట్లు విరగకాసి, పండ్లు రాలి పాడైపోతుండేవి. ఆయన ఒక పాత పాల వ్యాను సంపాదించి, ఆ పండ్లు ఏరుకొచ్చి భోజనశాలకు ఇచ్చేవాడు. మన భాషలో దీనికి చక్కటి మాట ఉంది: పరిగె. కోతలైపోయిన చేలో మన అమ్మలు, అమ్మమ్మలు రాలిన కంకులు ఏరుకున్నట్టే ఆయన ఊళ్లో పరిగె ఏరాడు.

ఒకరోజు పదిమంది బిడ్డల తల్లి ఒకామె ఆయనకు ఒక సంగతి చెప్పింది. పెద్ద దుకాణాల వెనక చెత్త డబ్బాల్లో పారేసిన తిండి చాలా మటుకు బాగానే ఉంటుందని, తాను దానితోనే పిల్లలను సాకుతున్నానని, ఇలా పారేసే తిండిని దాచి, కావలసినవాళ్లు వచ్చి తీసుకునే చోటు బ్యాంకులాగా ఒకటి ఉంటే బాగుండునని అంది. ఆ మాట ఆయన్ని పట్టుకుంది. సెయింట్ మేరీస్ చర్చి వారు 3,000 డాలర్లు, వాడకుండా పడి ఉన్న ఒక భవనం ఇచ్చారు. మొదటి ఏడాదిలోనే రెండు లక్షల పౌన్లకు పైగా, అంటే 90 టన్నులకు మించిన ఆహారం అక్కడి నుంచి పోయింది. 1977 నాటికి 18 నగరాల్లో అలాంటి బ్యాంకులు వచ్చాయి. 1979లో వాటన్నిటికీ కలిపి 'సెకండ్ హార్వెస్ట్' అనే సంస్థ ఏర్పడింది. 2008లో దాని పేరు 'ఫీడింగ్ అమెరికా' అయింది. ఇప్పుడు దాని కింద 200 దాకా ఫుడ్ బ్యాంకులు పనిచేస్తున్నాయి. వాన్ హెంగెల్ 2005లో కన్నుమూశాడు.

ఇందులో మనం గమనించవలసింది ఒకటుంది. బ్యాంకు ఆలోచన చెప్పింది సేవ చేసే పెద్దమనిషి కాదు. చెత్త డబ్బాలో చెయ్యి పెట్టిన తల్లి చెప్పింది. ఆకలి తెలిసినవాళ్లను అడిగితే ఏం చేయాలో వాళ్లే చెబుతారు. మేము పోయిన ఏడాది మిమ్మల్ని అడగలేదు. మాకు తోచింది తెచ్చి ఇచ్చాం.

వచ్చిన సరుకు లోపల ఏమవుతుంది?

ఫుడ్ బ్యాంకుకు వచ్చే దానం నాలుగు రకాలు. ఒకటి సరుకు, రెండు డబ్బు, మూడు మనుషుల శ్రమ, నాలుగు ప్రభుత్వం ఇచ్చే ధాన్యం, ఇతర ఆహారం. సరుకు రాగానే జరిగే పని ఇది:

1. తూచడం, రాయడం. ఎవరి దగ్గర నుంచి, ఏ తేదీన, ఎన్ని కిలోలు వచ్చిందో ముందు పుస్తకంలోకి ఎక్కాలి. ఇచ్చినవారికి రసీదు పోవాలి.

2. చూడడం. చిరిగిన సంచులు, ఉబ్బిన డబ్బాలు, తడిసిన అట్టపెట్టెలు పక్కన పెట్టేస్తారు. పేదవాళ్లకు ఏదైనా పనికొస్తుందనే ఆలోచన ఇక్కడ చెల్లదు. మన ఇంట్లో మన బిడ్డకు పెట్టనిది ఇంకొకరి బిడ్డకు పెట్టకూడదు.

3. తేదీ చూడడం. ప్యాకెట్ల మీద రెండు రకాల తేదీలు ఉంటాయి. 'బెస్ట్ బిఫోర్' అంటే ఆ తేదీ దాకా రుచి, నాణ్యత బాగుంటాయని అర్థం. 'యూజ్ బై' లేక 'ఎక్స్‌పైరీ' అంటే ఆ తేదీ దాటితే తినకూడదని అర్థం. మన దేశంలో మిగిలిన ఆహారాన్ని సేకరించి పంచే సంస్థలకు ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2019లో నియమాలు తెచ్చింది. గడువు తీరినది పంచకూడదనీ, పంచేవారు లెక్క రాసి ఉంచాలనీ వాటి సారాంశం. అమెరికాలో 1996లో ఒక చట్టం వచ్చింది. మంచి మనసుతో, జాగ్రత్తగా ఇచ్చిన ఆహారం విషయంలో దాతల మీద దావాలు పడకుండా అది కాపాడుతుంది. అంటే ఇవ్వడానికి భయపడకూడదు, ఇచ్చేటప్పుడు అజాగ్రత్త పడకూడదు.

4. నిల్వ చేయడం. సంచులు నేల మీద పెట్టరు. చెక్క బల్లల మీద, గోడకు జానెడు దూరంగా, గాలి ఆడేలా పెడతారు. నేల చెమ్మ బస్తాకు ఎక్కితే పురుగుకు పండగే.

5. ముందు వచ్చింది ముందు పోవాలి. కొత్త బస్తా వెనక్కి, పాత బస్తా ముందుకు. మన ఇళ్లలో పాత బియ్యం అయ్యాకే కొత్త బస్తా విప్పుతారు కదా, అదే పద్ధతి.

6. అడిగినవారికి అడిగింది ఇవ్వడం. పసిపిల్లలున్న చోటికి పాలపొడి, పళ్లు లేని ముసలివాళ్ల దగ్గరకు మెత్తగా ఉడికేవి. వంట సౌకర్యం లేనివాళ్లకు పచ్చి బియ్యం ఇచ్చి లాభం లేదు.

ఈ ఆరు పనుల్లో మేము పోయిన ఏడాది ఎన్ని చేశాం? ఒక్కటీ చేయలేదు.

డబ్బు ఎక్కడికి పోతుంది?

ఇక్కడే చాలామంది దాతలకు కోపం వస్తుంది. "మేం అన్నానికి ఇచ్చాం, వాళ్లు డీజిలు పోసుకున్నారు, జీతాలు ఇచ్చుకున్నారు" అంటారు. ఇది న్యాయమైన కోపమా కాదా తెలుసుకోవాలంటే ఒక లెక్క చేద్దాం. తమ్ముళ్లు కాగితం, పెన్ను తీసుకోండి.

వేసవిలో ఇంటికి పోలేని పిల్లలు 12 మంది ఉన్నారనుకుందాం. సెలవులు 50 రోజులు. ఒక్కొక్కరికి రోజుకు 450 గ్రాముల బియ్యం.

12 మందికి రోజుకు 5 కిలోల 400 గ్రాములు. 50 రోజులకు 270 కిలోలు.

మేము ఇచ్చినవి 300 కిలోలు. అంటే ఇంటికి పోలేని పన్నెండు మందీ వేసవి అంతా తిన్నా ఇంకా 30 కిలోలు మిగిలేవి! మరి ఎందుకు జరగలేదు? అన్నమంటే బియ్యం ఒక్కటే కాదు గనుక. మిగతావి కూడా లెక్క కడదాం. ధరలు మీ ఊరిని బట్టి మారతాయి, ఇవి లెక్క కోసం వేసుకున్న అంకెలు మాత్రమే.

కందిపప్పు: మనిషికి రోజుకు 60 గ్రాముల చొప్పున 36 కిలోలు. కిలో రూ. 150 అనుకుంటే రూ. 5,400.
నూనె: మనిషికి రోజుకు 25 గ్రాముల చొప్పున 15 కిలోలు. కిలో రూ. 140 అనుకుంటే రూ. 2,100.
కూరగాయలు: మనిషికి రోజుకు రూ. 15 చొప్పున రూ. 9,000.
గ్యాసు: రూ. 5,000.
వండే మనిషికి రోజుకు రూ. 400 చొప్పున రూ. 20,000.
మొత్తం రూ. 41,500.

బియ్యం కిలో రూ. 45 అనుకుంటే 300 కిలోలకు రూ. 13,500. అంటే మొత్తం రూ. 55,000 పనిలో మేము నాలుగో వంతు ఇచ్చి, మొత్తం ఇచ్చినట్టు ఫోటో దిగాం. మిగతా మూడు వంతులు లేవు కనుక ఆ నాలుగో వంతు కూడా అన్నం కాలేదు.

"వంటమనిషికి జీతం ఎందుకు, పుణ్యకార్యం కదా, ఊరికే చేయమందాం" అని మాలో ఒకరు అన్నారు. మన హాస్టల్ కుక్‌ను, కమాటిని గుర్తు చేసుకోండి. తెల్లవారుజామున పొయ్యి వెలిగించి, మనం తిన్నాక తిని, రాత్రి పదింటికి గిన్నెలు బోర్లించిన మనుషులు వాళ్లు. వాళ్ల ఇంట్లోనూ పిల్లలున్నారు. ఆకలి తీర్చే పని పేరు మీద ఇంకొక పేదింటి కూలి ఎగ్గొడితే అది పుణ్యం ఎలా అవుతుంది?

కాబట్టి డీజిలుకు, కూలికి, కరెంటుకు ఖర్చు పెట్టడం తప్పు కాదు. లారీ కదలకపోతే బియ్యం కదలవు. తప్పు ఎప్పుడంటే, ఆ ఖర్చు ఎంతో చెప్పకుండా దాచినప్పుడు. మంచి ఫుడ్ బ్యాంకులు ప్రతి ఏడాదీ ఆడిట్ చేయించి, ఎంత వచ్చింది, ఎంత సరుకు కొన్నాం, ఎంత రవాణాకు, ఎంత జీతాలకు పోయింది అన్నది అందరికీ తెలియజేస్తాయి. దాత అడగవలసింది "డీజిలు ఎందుకు?" అని కాదు, "పుస్తకం ఎక్కడ?" అని.

ఇంకొక సంగతి. చేతికి తోచిన సరుకు కంటే డబ్బు ఎక్కువ పనికొస్తుంది. ఒక్కొక్కరం చిల్లర దుకాణంలో కిలో రెండు కిలోలు కొని ఇచ్చేకంటే, ఆ డబ్బంతా ఒకచోట చేర్చి టోకున కొంటే ఎక్కువ వస్తుంది. పైగా ఏది తక్కువైతే అది కొనవచ్చు. అందరూ బియ్యమే ఇస్తే పప్పు ఎవరిస్తారు?

పిడికెడు బియ్యం

డబ్బు లేనివాళ్లు ఇవ్వలేరా? మిజోరం వాళ్ల కథ చూడండి. అక్కడి చర్చి మహిళలు 1910లో ఒక పద్ధతి మొదలుపెట్టారు. ఇల్లాలు పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు వండబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే పాత్రలో వేస్తుంది. ప్రతి పూటా అంతే. వాళ్ల భాషలో దాన్ని 'బూఫాయ్ థమ్' అంటారు. ఇంటింటి నుంచి ఆ బియ్యం పోగుచేసి, అమ్మి, వచ్చిన డబ్బును చర్చి పనులకు వాడతారు. నూరేళ్లు దాటినా అది ఆగలేదు. ధనికులు లేని కొండ ప్రాంతంలో ఇంత కాలం ఒక నిధి నడిచిందంటే కారణం పిడికిలి పెద్దది కావడం కాదు. ఏ పూటా మానకపోవడం. ఏడాదికి ఒకసారి పన్నెండు బస్తాలు తెచ్చే మా పద్ధతికీ, పూటపూటా పిడికెడు తీసే ఆ తల్లుల పద్ధతికీ తేడా అదే.

జహీరాబాద్ అక్కల ధాన్యం బ్యాంకు

ఇప్పుడు మన నేల మీదికి వద్దాం. ఒకప్పటి మెదక్ జిల్లా, ఇప్పటి సంగారెడ్డి జిల్లాలోని జహీరాబాద్ పక్కన పస్తాపూర్ అనే ఊరుంది. అక్కడ 1983 నుంచి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పనిచేస్తోంది. దాని స్థాపకుల్లో ముఖ్యుడు పి.వి. సతీష్ 2023 మార్చిలో కన్నుమూశారు. ఆ సంస్థ బలమంతా ఊరూరా ఉన్న మహిళా సంఘాలు. సభ్యుల్లో ఎక్కువమంది మన దళిత అక్కలు, అమ్మలు. ఎక్కువమందికి చదువు లేదు.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది. ఆకలి తీర్చడంలో దాని మేలు అందరికీ తెలిసిందే. అయితే ఆ ప్రాంతం బియ్యం పండే ప్రాంతం కాదు. ఎర్ర నేల, వాన మీద ఆధారపడే జొన్న, కొర్ర, పప్పుల నేల. ప్రభుత్వం పేదలకు పంచిన భూములు కూడా ఎక్కువ భాగం రాళ్లూ రప్పలతో బీళ్లుగా పడి ఉండేవి. బయట నుంచి బియ్యం వస్తుంటే సొంత భూమి బీడు పడి ఉండడం ఏమిటని ఆ అక్కలు ఆలోచించారు. తొంభైల నడుమ, కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సాయంతో ఒక పని తలపెట్టారు.

పద్ధతి ఇది. ముప్పైకి పైగా గ్రామాల్లో, రెండున్నర వేల ఎకరాలకు పైగా బీడు భూములు ఎంచుకున్నారు. దున్నడానికి, ఎరువుకు, విత్తనానికి, కలుపుకు రైతు కుటుంబానికి విడతలుగా అప్పు ఇచ్చారు. ఆ అప్పు డబ్బుగా కాదు, పండిన జొన్నలుగా కొన్నేళ్లలో తీర్చాలి. ఏ ఊరి జొన్నలు ఆ ఊళ్లోనే నిల్వ చేశారు. ప్రతి ఊళ్లో సంఘం మహిళల కమిటీ పొలాలు చూడడం, ధాన్యం వసూలు చేయడం, దాచడం అన్నీ చూసుకుంది.

ఇక పంచడం. ఎవరు పేద? అధికారి వచ్చి రాసుకుపోలేదు. ఊరివాళ్లు ఒకచోట చేరి, నేల మీద ఊరి పటం గీసి, ఒక్కో ఇంటి గురించి అందరి ముందూ మాట్లాడుకొని తేల్చుకున్నారు. మరీ పేద ఇంటికి ఎక్కువ జొన్నలు, కొంచెం నయంగా ఉన్న ఇంటికి తక్కువ. పని దొరకని, ఇంట్లో గింజలు అయిపోయే వానాకాలపు నెలల్లో మార్కెట్ ధర కంటే బాగా తక్కువకు అమ్మారు. ఊరికే ఇవ్వలేదు. వచ్చిన డబ్బును బ్యాంకులో ఊరి ధాన్యం నిధిగా వేశారు. మళ్లీ బీళ్లు సాగు చేయడానికి అదే పెట్టుబడి.

చూశారా, ఈ చక్రం ఎలా తిరిగిందో? ఒకసారి వచ్చిన సాయం నేలలోకి పోయింది. నేల నుంచి గింజ వచ్చింది. గింజ ఆకలి తీర్చి డబ్బు అయింది. డబ్బు మళ్లీ నేలలోకి పోయింది. మధ్యలో కూలీలకు పని దొరికింది, పశువులకు చొప్ప దొరికింది. విత్తనాల విషయంలోనూ ఇదే పద్ధతి: సంఘం నుంచి విత్తనం తీసుకున్నవారు పంట వచ్చాక తీసుకున్నదానికంటే ఎక్కువ కొలిచి తిరిగి ఇస్తారు. 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం వారు ఇచ్చే ఈక్వేటర్ బహుమతి ఈ సంస్థకు వచ్చింది.

ఫీనిక్స్ బ్యాంకు మిగిలినదాన్ని పారేయకుండా పంచింది. జహీరాబాద్ బ్యాంకు లేనిదాన్ని పండించి పంచింది. రెండూ గొప్పవే. అయితే రెండో దానిలో తీసుకున్నవారే ఇచ్చేవారు కూడా అయ్యారు. తలవంచుకొని తీసుకోవలసిన పని లేకపోయింది.

దానం వేరు, హక్కు వేరు

ఇక్కడ ఒక హెచ్చరిక. హాస్టల్లో మనకు పెట్టే అన్నం ఎవరి దయా కాదు. అది మన హక్కు. దళిత బిడ్డలు చదువుకు దూరం కాకూడదని వేసిన బాట అది. రేషన్ బియ్యం కూడా అంతే. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రకారం అర్హులైన కుటుంబాల్లో మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం హక్కుగా రావాలి. 2023 జనవరి నుంచి వాటిని ఉచితంగా ఇస్తున్నారు. తెలంగాణలో 2015 జనవరి నుంచి హాస్టళ్లకు సన్న బియ్యం ఇవ్వడం మొదలైంది.

మెనూలో ఉన్న పప్పు పలచబడిందనుకోండి. పూర్వ విద్యార్థులం ఉదారంగా పప్పు కొనిచ్చామనుకోండి. ఏమవుతుంది? పప్పు చిక్కబడుతుంది, కానీ ఆ కొరత శాశ్వతమవుతుంది. రావలసినది ఎవరూ అడగరు. మన దానం ఇంకొకరి బాధ్యతకు ముసుగు అవుతుంది. అక్కడ కావలసింది దానం కాదు, మెస్ కమిటీ స్టాక్ రిజిస్టరు తెరిచి చూడడం, పైవారికి అర్జీ రాయడం. హక్కు ఎక్కడ ఆగిపోతుందో, అంటే సెలవుల్లో, పరీక్షకూ అడ్మిషన్‌కూ మధ్య, ఒక హాస్టల్ వదిలి ఇంకో హాస్టల్లో సీటు వచ్చేదాకా, అక్కడ మన దానం మొదలవ్వాలి.

మన అన్నం నిధి

ఇదంతా చదివాక ఈ ఏడాది మేము బస్తాలు తేలేదు. వేదిక మీద ఏమీ పేర్చలేదని కొందరు చిన్నబుచ్చుకున్నారు. వాటికి బదులు ఒక నిధి, ఒక పుస్తకం మొదలుపెట్టాం. దాని నియమాలు ఇవి:

ఒకటి: ముందు అవసరం అడుగుతాం, తర్వాతే చందా అడుగుతాం. మార్చిలోగా, వేసవిలో ఎక్కడ ఉంటారు, ఎలా తింటారు అని ప్రతి ఒక్కరినీ విడిగా అడుగుతాం.

రెండు: ఇచ్చినవారి పేరు, మొత్తం పుస్తకంలో ఉంటాయి, రసీదు ఉంటుంది, వార్షికోత్సవంలో లెక్క చదువుతాం. తీసుకున్నవారి పేరు ముగ్గురికి తప్ప ఎవరికీ తెలియదు. ఫోటోలు లేవు.

మూడు: బ్యాంకు ఖాతా మీద ఇద్దరి సంతకాలు ఉండాలి. పుస్తకం చూసే హక్కు విద్యార్థి ప్రతినిధికి ఉంటుంది.

నాలుగు: నిల్వ తక్కువ, ఖర్చు వెంటనే. ఏ సరుకూ నెలకు మించి మూలన ఉండకూడదు.

ఐదు: నాయనమ్మ దగ్గరో, మేనమామ దగ్గరో ఉండే పిల్లలకు ఆ ఇంటికే నెల సరుకులు చేరతాయి. ఎవరూ లేనివారికి మాలో ఎవరి ఇంట్లోనైనా చోటు, కంచం ఉంటాయి.

ఆరు: ప్రభుత్వం ఇవ్వవలసినదానికి ఈ నిధిలోంచి ఒక్క రూపాయి పోదు.

ఏడు: ఇది అప్పు కాదు. తీర్చమని ఎవరూ అడగరు. సంపాదన మొదలయ్యాక ఎవరికైనా ఇవ్వాలనిపిస్తే, జహీరాబాద్ అక్కల్లాగా ఇంకొక బిడ్డ కోసం కొలిచి ఇవ్వవచ్చు.

"వేదిక మీద పేరు లేకపోతే ఎవరిస్తారన్నా?" అని మా సమావేశంలో ఒకరు అడిగారు. దానికి మా దగ్గర గట్టి జవాబు లేదు. ఇప్పటిదాకా పోయిన ఏడాదికంటే తక్కువే వసూలైంది. అయినా ఈ దారిలోనే నడుద్దామనుకున్నాం. ఇచ్చేవాడి గొప్ప కోసం తీసుకునేవాడి తల వంచకూడదన్నది మా నమ్మకం. మనమంతా ఒకప్పుడు వరుసలో కంచం పట్టుకొని నిలబడ్డవాళ్లమే కదా.

ఆలోచించండి

1. పైన చేసిన లెక్కలో పిల్లలు 12 కాక 20 మంది అయితే బియ్యం ఎన్ని కిలోలు కావాలి? వంటమనిషి ఖర్చు కూడా అదే వంతున పెరుగుతుందా?
2. మీ ఊళ్లో పారేస్తున్న తిండి ఎక్కడ ఉంది? దాన్ని పరిగె ఏరాలంటే ఏమేం కావాలి?
3. మన హాస్టల్లో హక్కుగా రావలసినవి ఏవి, రానివి ఏవి? రెండు వరుసల్లో రాయండి.

చివరిగా ఒక మాట. హోటల్లో ప్లేట్లు కడిగిన ఆ తమ్ముడు ఇప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. ఈ వ్యాసం రాసే ముందు అతని దగ్గరకు వెళ్లి, నీ సంగతి రాయవచ్చా అని అడిగాం. "రాయండన్నా, పేరు మాత్రం వద్దు" అన్నాడు. కాసేపాగి, "స్టోర్లో బియ్యం ఉన్నాయని నాకు తెలుసన్నా. ఎవర్ని అడగాలో తెలియలేదు" అన్నాడు.

తమ్ముళ్లారా, ఇకమీదట ఎవర్ని అడగాలో మీకు తెలియాలి. అడగకముందే మేము అడగాలి. పుస్తకం తెరిచి ఉంది. ఇచ్చేవారు ఇవ్వండి, అవసరమైనవారు మొహమాటపడకుండా చెప్పండి. వచ్చే ఏడాది ఇదే సంచికలో మొదటి లెక్క అణా పైసలతో సహా మీ ముందు పెడతామని మాట ఇస్తున్నాం.

— పూర్వ విద్యార్థుల కమిటీ